చీకటి కరెంటు ఎవరిది?

నానక్‌రామ్‌గూడ,
సోమవారం.

రాళ్లపోచమ్మ టవర్స్ మేనేజరు బాలనర్సయ్య గారికి నాలుగో అంతస్తు నుంచి నమస్కారాలండి.

నేను ఇక్కడ ల్యాబు నడుపుతున్న డాక్టర్ రోహిణిని. ఫిర్యాదులు ఫోనులో చెప్పకూడదు, కాగితం మీద రాసి లిఫ్టు పక్కనున్న డబ్బాలో వేయాలని మీరు గోడకు అంటించారు కనుక రాస్తున్నాను.

మేము తపాలా బిళ్లంత సైజులో ఒక సన్నని పొర తయారు చేస్తున్నామండి. దానికి బ్యాటరీ అక్కర్లేదు. పిసరంత వెలుతురు పడితే చాలు, ఆ వెలుతురుతోనే కాస్త కరెంటు పుట్టించుకుని, ఇదిగో వెలుతురు వచ్చిందని చెబుతుంది. మందుల పెట్టెల్లో అంటిస్తే, దారిలో ఎవరైనా దొంగచాటుగా పెట్టె తెరిచారా లేదా అన్నది తెలిసిపోతుంది. వచ్చే వారం శుక్రవారం ఒక మందుల కంపెనీ తరఫున రాకేశ్ గారు దీన్ని చూడటానికి వస్తున్నారు. ఆయనకు నచ్చితే మా ల్యాబు ఉంటుంది. నచ్చకపోతే తాళమే.

ఇప్పుడొచ్చిన ఇబ్బంది ఏమిటంటే, కొద్ది రోజులుగా మా గదిలో డార్క్ కరెంట్ మరీ ఎక్కువగా వస్తోంది. మీ కారిడార్ లైటు మా తలుపు సందులోంచి లోపలికి దూరుతోందని నా అనుమానం. దయచేసి ఎవరినైనా పంపి ఆ సందు మూయించండి.

ఇట్లు,
మీ సహాయం కోరుతూ,
రోహిణి.

తా.క. కారిడార్‌లో వెలుతురు బలహీనంగా ఉందని నాకు తెలుసండి. కానీ మా బిళ్ల చూడాల్సింది ఆ బలహీనమైన వెలుతురునే.

*

ఆఫీసు గది, కింది అంతస్తు,
మంగళవారం.

నాలుగో అంతస్తు డాక్టరమ్మ గారికి బాలనర్సయ్య మర్యాదగానే రాస్తున్నది.

మీ ఉత్తరం చదువుతూ కుర్చీలోంచి లేచినవాణ్ణి మళ్లీ కూర్చోలేదు. డార్క్ కరెంట్ అని ఎంత తేలిగ్గా రాశారమ్మా. నేను పదో తరగతి పరీక్ష ఒకటికి రెండుసార్లు రాసినవాణ్ణి. డార్క్ అంటే చీకటని తెలుసు. చీకట్లో తీగ మీద కొక్కెం వేసి లాగే కరెంటును ఏమంటారో అంతకన్నా బాగా తెలుసు. ఈ టవర్లు రాకముందు ఇదే జాగాలో మా నాయన జొన్న వేసేవాడు. చుట్టుపక్కల బోర్లన్నీ కొక్కేల మీద నడిచిన కాలంలో కూడా మా బోరుకు మీటరు ఉండేది. అది తిరిగేది కాదు, అది వేరే సంగతి.

మా బిల్డింగులో దొంగ కరెంటు ఉందని మీరే సంతకం పెట్టి ఇచ్చారు గనక నేను చేతులు కట్టుకుని కూర్చోలేను. మా ఎలక్ట్రీషియన్ అజయ్‌ను వెంటబెట్టుకుని వచ్చాను. మీరు అన్నానికి వెళ్లినట్టున్నారు. అజయ్ తలుపుకు చెవి ఆనించి, "లోపల ఏదో మిషను గుయ్యిమంటున్నది సారూ" అన్నాడు. "గదే తాగుతున్నది, ఫ్యూజు గుంజు" అన్నాను. గుంజాడు. గుయ్యిమనడం ఆగిపోయింది. చీకటి కరెంటు కూడా ఆగిపోయి ఉంటుంది, చూసుకుని చెప్పండి.

ఇట్లు,
ఎవరి సొమ్మూ ముట్టని వంశంలో పుట్టిన
బాలనర్సయ్య.

తా.క. వెలుతురు బలహీనంగా ఉందని కూడా రాశారు. మీ తలుపు ఎదురుగా రెండు ఫోకస్ లైట్లు పెట్టించాను. పెళ్లి పందిట్లో పెట్టే రకం. ఇక వెలుతురు విషయంలో మాట పడేది లేదు.

*

నాలుగో అంతస్తు,
బుధవారం.

బాలనర్సయ్య గారికి,

నమస్కారమండి. మీరు ఆపిన మిషను దొంగ కరెంటు తాగేది కాదండి. అది గాలి తోడే పంపు. దాని లోపల మా పొర సగం పేరుకుని ఉంది. ఫ్యూజు పీకగానే లోపలికి గాలి వెళ్లి పొరంతా పొక్కులు తేలింది. మళ్లీ మొదటి నుంచి వేస్తున్నాం.

డార్క్ కరెంట్ అంటే దొంగ కరెంటు కాదు. దయచేసి ఈ ముక్క నిదానంగా చదవండి. వెలుతురు పడితేనే మా బిళ్లలో కరెంటు పుట్టాలి. వెలుతురు లేకపోయినా లోపలి లోపాల వల్ల పిసరంత కరెంటు పారుతుంది. దానికే ఆ పేరు. అది ఎక్కువగా ఉంటే, నిజంగా మసక వెలుతురు వచ్చినప్పుడు దాని జాడ ఇందులో కలిసిపోతుంది. పెళ్లింట్లో గుసగుస వినపడనట్టు. బయటి లైటు ఏదో దూరుతుంటే అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అందుకే సందు మూయమన్నాను. ఎవరినీ దొంగ అనలేదు.

పైగా నాయిస్ కూడా పెరిగింది. అది తగ్గితే తప్ప రాకేశ్ గారికి ఏమీ చూపించలేను. మా ఫిల్మ్ ఎంత పల్చగా ఉంటుందంటే, మీ తల వెంట్రుక దాని పక్కన దూలంలా కనిపిస్తుంది. అంత పల్చని దాన్ని పట్టుకుని పని చేస్తున్నామండి. అర్థం చేసుకోండి.

మీరు చేయాల్సినవి రెండే. ఫోకస్ లైట్లు తీయించండి. సందు మూయించండి.

ఇట్లు,
ఓపిక ఇంకా కాస్త మిగిలి ఉన్న
రోహిణి.

తా.క. నిన్న సాయంత్రం మీ ఫోకస్ లైట్లు చూసి, ఇక్కడ ఫంక్షన్ హాలు ఉందనుకుని ఒకావిడ పిల్లాపాపలతో భోజనానికి వచ్చారు.

*

ఆఫీసు గది,
శుక్రవారం.

డాక్టరమ్మ గారికి, ఈసారి కుర్చీలో కూర్చునే రాస్తున్నాను.

ఇప్పుడు అర్థమైంది. తిండి పెట్టకపోయినా తేన్పులు వస్తున్నాయన్నమాట. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాస్తే ఫ్యూజు బతికేది కదా. మీలాంటి చదువుకున్నవాళ్లతో వచ్చిన తంటానే ఇది. ఉన్న రోగం వదిలిపెట్టి దాని ఇంగ్లీషు పేరు చెబుతారు.

నాయిస్ సంగతి మీరు చెప్పాక నాకే సిగ్గేసింది. చదువుకునే పిల్ల పని చేసుకుంటుంటే ఇంత గోల ఎట్లా పెడుతున్నామా అని. వెంటనే లిఫ్టు ఆపించాను. అది ప్రతి అంతస్తులో టింగుమంటుంది. ఊడ్చే మల్లమ్మను నాలుగో అంతస్తులో చెప్పులు విప్పి నడవమన్నాను. "నా చెప్పులకు నోరున్నదా, నీకున్నదా" అని అడిగి విప్పింది. ఐదో అంతస్తు సాఫ్ట్‌వేర్ పిల్లల దగ్గరికి కూడా వెళ్లి, కింద ఒకరి బతుకు ఆధారపడి ఉంది, జర మెల్లగా టైపు చేయండి అని దండం పెట్టాను.

ఇక మీ ఫిల్మ్ పల్చనైపోయిందన్న బాధ. దానికింత దిగులెందుకమ్మా. మా ఓంకార్ కార్ల అద్దాలకు సన్‌ఫిల్మ్ అంటిస్తాడు. వాడు అంటిస్తే పోలీసులు ఆపి మరీ చూస్తారు, అంత మందం. మల్లమ్మ ఊడవడానికి తలుపు తీసినప్పుడు వాణ్ణి లోపలికి పంపి, కిటికీలకూ, తలుపు అద్దానికీ, మధ్యలో బల్ల మీదున్న పెట్టె అద్దానికీ మంచి నల్ల ఫిల్మ్ వేయించాను. ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు.

ఇట్లు,
చేసిన మేలు చెప్పుకోని
బాలనర్సయ్య.

తా.క. మీ తలుపు మీద బోర్డు చదివాను. సెల్ఫ్ పవర్డ్ అని ఉంది. దానికదే కరెంటు పుట్టించుకునేదైతే మీ మీటరు గిర్రున ఎందుకు తిరుగుతోంది? అనుమానం నాది కాదు, మీటరుది.

*

నాలుగో అంతస్తు,
సోమవారం.

బాలనర్సయ్య గారికి,

మెట్లెక్కి వచ్చి, ఊపిరి తీసుకుని రాస్తున్నాను. నాతో పాటు గ్యాసు సిలిండరు కూడా మెట్లెక్కి వచ్చింది. దాన్ని మోసినవాళ్లు మిమ్మల్ని ఏమన్నారో రాయడానికి నాకు తెలుగు చాలదు.

నాయిస్ అంటే చెవికి వినపడే చప్పుడు కాదండి. కంప్యూటరులో మా గీత సాఫీగా పోకుండా వణుకుతుంది. ఆ వణుకు పేరు నాయిస్. మల్లమ్మ గారు చెప్పులు వేసుకున్నా, విప్పినా, వాటితో ఎవరినైనా కొట్టినా అది తగ్గదు. చివరిది మాత్రం నాకు కాస్త సాయపడవచ్చు.

ఓంకార్ గారు ఫిల్మ్ అంటించిన పెట్టె మేము పరీక్ష చేసే పెట్టె. దాని అద్దంలోంచే బిళ్ల మీదికి వెలుతురు పడాలి. శనివారమంతా మా బిళ్ల ఏమీ చూడటం లేదని దాని పొరలను తిట్టుకుంటూ కూర్చున్నాను. తీరా చూస్తే అద్దానికి కారు ఫిల్మ్. గోళ్లతో గీకాను. మీ వాడి పనితనం గొప్పదే, గోళ్లు పోయాయి.

మీ మీటరు అనుమానానికి కూడా జవాబు రాస్తాను, ఎందుకంటే రాయకపోతే మీరు ఏం చేస్తారో నాకు భయం. జొన్నరొట్టె తినడానికి పొయ్యి అక్కర్లేదు. కాల్చడానికి కావాలి. బిళ్ల పనిచేయడానికి కరెంటు అక్కర్లేదు. దాన్ని తయారు చేసే మిషన్లకు కావాలి. మీటరు తిరిగేది వాటి వల్ల.

ఇక సందు మూయమని మిమ్మల్ని అడగను. నేనే నల్లగుడ్డ కొని, ఒక ముక్క సందుకు అంటించి, మిగిలింది కుట్టి తలుపు లోపల తెర కట్టాను. కొత్త పొర బాగా కుదిరింది. డార్క్ కరెంట్ దాదాపు అడుగంటింది. గీత కూడా వణకడం లేదు. మొదటిసారి నాకు ఆశ కలుగుతోంది. ఆ ఆశ శుక్రవారం దాకా బతికి ఉండాలంటే ఒక్కటే షరతు. ఆ రోజు మీరు నాలుగో అంతస్తుకు రావద్దు. మీ మనుషులు రావద్దు. మీ నీడ కూడా రావద్దు.

ఇట్లు,
ఓపిక కూడా అడుగంటిన
రోహిణి.

తా.క. పొరపాటు రాశాను. మాకు కావలసింది చీకటే కనుక మీ నీడ వస్తే అభ్యంతరం లేదు. మీరు రావద్దు.

*

ఆఫీసు గది,
మంగళవారం.

డాక్టరమ్మ గారికి, మనసు కష్టపెట్టుకున్న బాలనర్సయ్య తెలియజేయునది.

మంచికి పోతే చెడు ఎదురైంది. లిఫ్టు నడిపిస్తున్నాను. మల్లమ్మ చెప్పులు వేసుకుంది. వేసుకోగానే మొదట నా గది ముందే టపటపమని నాలుగుసార్లు తిరిగింది.

రొట్టె సంగతి చదివాను. బాగానే ఉంది. కానీ రొట్టెకు పిండి ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే మిల్లు చూపిస్తారు, జొన్న చూపిస్తారు. మీరేమో తీగ లేదు, బ్యాటరీ లేదు, కరెంటు మాత్రం వస్తుందంటారు. పైగా చూడటానికి రావద్దంటారు. మా ఇంట్లో నీలమ్మ కూడా అల్మారా తెరవద్దని ఒక్కసారే అన్నది. అనకుండా ఉంటే నేను దానివైపు కూడా చూసేవాణ్ణి కాదు.

అయినా మీకు మాట ఇస్తున్నాను. శుక్రవారం నాలుగో అంతస్తులో మీకు గానీ, ఆ రాకేశ్ సారుకు గానీ నేను కనపడను. బాలనర్సయ్య మాట అంటే మాటే.

ఇట్లు,
కనపడకుండా ఉండబోయే
బాలనర్సయ్య.

తా.క. ఫోకస్ లైట్లు తీయమని అజయ్‌కు చెప్పాను. నిచ్చెన పెళ్లికి పోయిందట. రాగానే తీస్తాడు.

*

నాలుగో అంతస్తు,
శనివారం.

బాలనర్సయ్య గారికి,

ఇది ఫిర్యాదు కాదు. ఖాళీ చేస్తున్నామని చెప్పడానికి రాస్తున్నాను.

నిన్న రాకేశ్ గారు వచ్చారు. బిళ్లను బల్ల మీద పెట్టి, తెరలు దించి, లైట్లన్నీ ఆర్పాం. కంప్యూటరును పక్క గదిలో పెట్టి, మధ్యలో తలుపు వేసుకుని అక్కడి నుంచే మాట్లాడుకుంటూ గీత చూస్తున్నాం. మొదట చీకట్లో గీత నేల మీద పడుకున్నట్టు ఉండాలి. తర్వాత మినుకుమనే చిన్న దీపం వెలిగిస్తే లేవాలి. పడుకున్నట్టే ఉంది. రాకేశ్ గారు ముందుకు వంగి, "ఇంత నిశ్శబ్దమైన గీతను నేను చూడలేదు మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ఇన్నేళ్లూ పనిచేశాను.

అంతలో గీత లేచింది. దీపం వెలిగించనే లేదు. లేచి, పడుకుంది. మళ్లీ లేచింది. గదిలో ఇంకెవరూ లేరని, అన్నీ మూసే ఉన్నాయని ఆయనకు గట్టిగా చెబుతున్నాను. నేను చెబుతుండగానే మూడోసారి లేచింది, ముందుకన్నా ఎత్తుగా.

ఆయన మంచివారు. కోప్పడలేదు. "దొంగ లేకపోయినా దొంగ దొంగ అని అరిచే కాపలాదారుణ్ణి పెట్టెలో పెట్టుకుని మేమేం చేసుకుంటాం మేడమ్" అని మాత్రం అని, లేచి వెళ్లిపోయారు. లోపం ఏ పొరలో ఉందో తెలియదు. వెతకడానికి ఇక సమయం కూడా లేదు. నెలాఖరుకు గది అప్పగిస్తాం.

మీరు మాట నిలబెట్టుకుని పైకి రాలేదు. అందుకు కృతజ్ఞతలు. ఈసారి తప్పు మీది కాదు, నాదే. నిజం చెప్పాలంటే అదే ఎక్కువ బాధగా ఉంది. మిమ్మల్ని తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఇట్లు,
సెలవు తీసుకుంటూ,
రోహిణి.

తా.క. ఫోకస్ లైట్లు ఇక ఉండనివ్వండి. సామాను దించేటప్పుడు పనికొస్తాయి.

*

ఆఫీసు గది,
శనివారమే, సాయంత్రం.

రోహిణమ్మకు, బాలనర్సయ్య రెండు చేతులూ జోడించి, ఆ తర్వాత పెన్ను పట్టుకుని రాస్తున్నది.

సామాను కట్టకండి. కట్టినవి విప్పండి. తిట్టుకునే వీలు లేకుండా పోయిందని రాశారు కదా. ఆ వీలు కల్పిస్తున్నాను.

కనపడనని మాట ఇచ్చాను. రానని ఇవ్వలేదు. ఉత్తరం మళ్లీ తీసి చూసుకోండి. నిన్న మీరు రాకేశ్ సారును తీసుకురావడానికి కిందికి దిగినప్పుడు నేను తాళం తీసుకుని లోపలికి వచ్చి, మీరు కుట్టిన నల్లతెర వెనకాల నిలబడ్డాను. తీగ లేకుండా కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో నా కళ్లతో చూసి, అక్కడికక్కడే పట్టుకుందామని. మీరిద్దరూ పక్క గది వాకిలి నుంచి వచ్చారు గనక బతికిపోయాను.

ఆ తర్వాత మీరు లైట్లు ఆర్పారు.

అమ్మా, అది చీకటి కాదు. ఖాజాగూడ గుట్టల్లో అమావాస్య రాత్రులు తిరిగినవాణ్ణని ఈ టవర్లో అందరికీ చెప్పుకున్నాను. అక్కడ చుక్కలుంటాయి. ఇక్కడ నా చెయ్యి నాకు కనపడలేదు. జేబులో గుత్తి కోసం తడుముకున్నాను. నా తాళాల గుత్తికి రేడియం ఆంజనేయస్వామి ఉన్నాడు. ప్లాస్టిక్‌వాడే, కానీ చీకట్లో పచ్చగా మెరుస్తాడు. మీరెప్పుడు కిందికి దిగుతారా అని తలుపు బయట కాచుకుని నిలబడ్డంత సేపూ ఆ ఫోకస్ లైట్ల వెలుతురు తాగి ఉన్నాడు గనక నిన్న మరీ మెరిశాడు. వెలుతురు బయటపడకుండా ఆయన్ని పిడికిట్లో దాచాను. పక్క గదిలో రాకేశ్ సారు దగ్గినప్పుడు అదిరిపడి, పిడికిలి కొంచెం విప్పి స్వామిని చూసుకుని మూశాను. తెర దారం చెవికి తగిలినప్పుడు రెండోసారి విప్పాను. మూడోసారి, లోపల ఇంకెవరూ లేరని మీరు అంత గట్టిగా చెప్పినప్పుడు. మరి నేనెవరినని నాకే అనుమానం వచ్చింది. పూర్తిగా విప్పి చూసుకున్నాను.

మీ గీత లేచింది ఆ మూడుసార్లే.

ఆయన వెళ్లిపోయాక మీరు ఈ గదిలోకి వచ్చి, లైటు వేసి, బల్ల మీద తల పెట్టుకుని కూర్చోవడం తెర సందులోంచి చూశాను. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడమన్నది నీలమ్మ వింటే నమ్మదు. గీత ఎందుకు లేచిందో అప్పటికి నాకూ తెలియదు. ఇవాళ మీ ఉత్తరం చదివాకే లెక్క కుదిరింది.

గేటు రిజిస్టరులో నంబరు చూసి రాకేశ్ సారుకు ఫోను చేశాను. ఎవరినో చెప్పాను, ఎక్కడున్నానో చెప్పాను, ఎందుకో చెప్పలేక నసిగాను. ఆయన స్వామి సంగతి రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. తర్వాత, "తెర సందులోంచి, పిడికిలి సందులోంచి వచ్చిన వెలుతురునా అది పట్టింది?" అని అడిగాడు. అవునన్నాను. "మీరు బల్లకు ఎంత దూరంలో ఉన్నారు?" అన్నాడు. గుమ్మం దగ్గరన్నాను. "సోమవారం పొద్దున వస్తున్నా. మేడమ్‌కు చెప్పండి. మీరు మాత్రం ఎక్కడికీ పోకండి" అన్నాడు. దొంగచాటుగా వచ్చేవాణ్ణి పట్టుకునే బిళ్ల చేశారు మీరు. అది పట్టుకున్న మొదటివాడు ఈ బిల్డింగు మేనేజరు.

కిరాయికిచ్చిన గదిలో తాళం తీసి దూరానని మా ఓనరుకు తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. ఉదయం నుంచీ మీ బిళ్ల మీద మంటగా ఉంది నాకు. ఇంత ఖచ్చితంగా ఎవరు చేయమన్నారమ్మా దాన్ని? కాస్త చూసీ చూడనట్టు పోయేలా చేయకూడదా?

ఇట్లు,
పట్టుబడిన
బాలనర్సయ్య.

తా.క. సోమవారం నన్ను అదే తెర వెనక, అదే గుత్తితో నిలబెట్టి మళ్లీ పరీక్ష చేస్తారట. నిలబడతాను. కాకపోతే ఎంతసేపో ముందే చెప్పండి. మీ బిళ్ల వెలుతురు లేకుండా ఎంతసేపైనా ఉంటుంది. నేను ఉండలేను.